ఒంటికాలి లెక్క

తుంటి నొప్పి అంటూ వచ్చిన నలుగురిని చెయ్యి పెట్టి చూపించమంటే నాలుగు చోట్ల పెడతారు. ఒకరు నడుము కింద వెన్ను పక్కన, ఒకరు పిరుదు మధ్యలో, ఒకరు ప్యాంటు జేబు దగ్గర తగిలే ఎముక మీద. నాలుగో మనిషి కాస్త మొహమాటపడి గజ్జల వైపు చూపిస్తాడు. అసలు కీలు ఉన్నది ఆ నాలుగో చోటే. తొడ ఎముక పైకొసన ఉండే గుండ్రటి తల కటి ఎముకలోని గిన్నెలో కూర్చునే జాగా అది. గజ్జల మడత వెనక ఎంతో లోతున ఉంటుంది, చేత్తో నొక్కి పట్టుకోలేం. పక్కన చేతికి తగిలే బొడిపె కీలు కాదు, కండరాలు వచ్చి అతుక్కునే చోటు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెయిన్ రోడ్డు మీదా సందుల్లోనూ ఫిజియోథెరపీ బోర్డులకు కొదవ లేదు. మెడ, నడుము, భుజం, మోకాళ్లు పెద్దక్షరాల్లో ఉంటాయి. తుంటి ఉంటే చివర్లో ఉంటుంది. తుంటి బాధలు చాలావరకు నడుము ఖాతాలోకో మోకాలి ఖాతాలోకో జమైపోవడం ఇందుకు ఒక కారణమనుకుంటాను.

తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయని సామెత. సంబంధం లేని సంగతుల్ని ముడిపెట్టేవాళ్లను వెక్కిరించడానికి వాడతాం. మూతి దాకా పోదు గానీ, తుంటిలో తగిలిన దెబ్బ మోకాలి దాకా మాత్రం పోతుంది. తుంటి నుంచీ మోకాలి నుంచీ మెదడుకు కబురు మోసే నరాలు కొన్ని ఉమ్మడివి. కబురు ఎక్కడి నుంచి బయల్దేరిందో మెదడు ఒక్కోసారి పోల్చుకోలేదు. పన్నెండేళ్ల పిల్లవాడు మోకాలు నొస్తోందని కుంటుతున్నాడు, మోకాలి ఎక్స్‌రే బాగానే ఉంది. అలాంటివాణ్ణి తుంటి చూడకుండా ఇంటికి పంపకూడదని వైద్య విద్యార్థులకు నూరిపోస్తారు. ఆ వయసులో తొడ ఎముక తల, ఎముక పెరిగే పలక దగ్గర పక్కకు జారే జబ్బు ఒకటుంది. అది మోకాలి నొప్పి వేషంలోనే మొదట బయటపడడం కద్దు.

ఇక లెక్కలోకి వద్దాం. నడకను రెండు కాళ్ల పని అనుకుంటాం గానీ, అది ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు ఒంటికాలిపై నిలబడడమే. ఒక అడుగు లేచి మళ్లీ నేల తాకేలోపు ఒంటి బరువు ఒక్క తుంటి మీదే ఉంటుంది. అరవై కిలోల మనిషిని తీసుకోండి. ఒక కాలు ఒంటి బరువులో దాదాపు ఆరో వంతు. నేల మీద ఆనిన కాలు కీలుకు కిందే ఉంది కాబట్టి దాన్ని తీసేస్తే, తుంటి మోయాల్సింది 50 కిలోలు. ఆ బరువు సరిగ్గా కీలు నెత్తిన పడదు. లోపలి వైపు ఇంచుమించు 10 సెంటీమీటర్ల ఎడంలో పడుతుంది. వదిలేస్తే కటి అటే ఒరిగిపోతుంది. ఒరగకుండా బయటి వైపు నుంచి లాగి పట్టేవి పిరుదు పక్క కండరాలు, అందులోనూ గ్లూటియస్ మీడియస్ అనేది. పాపం దానికి దొరికే ఎడం 5 సెంటీమీటర్లే. రెండు చేతులూ సమానంగా లేని త్రాసు ఇది. పొడుగు చేతికి 50 కిలోలు వేలాడుతుంటే పొట్టి చేతిని 100 కిలోల బలంతో గుంజాలి. మధ్యలో ఇరుక్కున్న కీలు మీద రెండూ పడతాయి. మొత్తం 150 కిలోలు.

అంటే అరవై కిలోల మనిషి తుంటి మీద పడే భారంలో మూడింట రెండు వంతులు ఆ మనిషి కండరమే మోపింది. ఈ అధ్యాయంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే ఉంటే అది ఇదే. తుంటి నొప్పి అనగానే ఎవరైనా అడిగేది "గుజ్జు అరిగిందా?" అని. అరుగుదల ఉంటే ఉండొచ్చు. కానీ కీలు ఎంత మోస్తోందన్నది ఎముకను బట్టి, ఒంటి బరువును బట్టి మాత్రమే తేలదు. మనం ఎలా నిలబడుతున్నాం, ఏ చేత్తో సంచి పట్టుకున్నాం, ఏ కండరం ఎంత గట్టిగా లాగుతోంది అన్నవి నిమిషనిమిషానికీ ఆ అంకెను మారుస్తుంటాయి.

కాగితం మీది ఈ లెక్కకు దారి వేసింది ఫ్రీడ్రిష్ పావెల్స్ అనే జర్మన్ ఎముకల వైద్యుడు, 1930లలో. నిజంగా కొలవాలంటే మనిషి తుంటిలోపల పరికరం పెట్టాలి. బెర్లిన్‌లో గియార్గ్ బెర్గ్‌మన్ బృందం ఆ పనే చేసింది. కీలు మార్పిడిలో అమర్చే లోహపు తుంటి లోపలే సెన్సర్లూ బుల్లి ట్రాన్స్‌మిటరూ పెట్టి, ఆ పేషెంట్లను నడిపించి, మెట్లెక్కించి, కూర్చోబెట్టి, లేపి కొలిచారు. 2001లో అచ్చయిన అంకెలివి: గంటకు 4 కిలోమీటర్ల నడకలో తుంటి మీద సగటున ఒంటి బరువుకు 238 శాతం. మెట్లు ఎక్కేటప్పుడు 251. దిగేటప్పుడు 260. మన కాగితం లెక్కలో వచ్చింది 250, పెద్ద తేడా ఏం లేదు. అంతకుముందు కొలతల్లో ఒక పేషెంటు కాలు తడబడి, పడబోయి నిలదొక్కుకున్న క్షణంలో అంకె ఎనిమిది రెట్లు దాటింది. పడకుండా ఆపడానికి కండరాలన్నీ ఒక్కసారి బిగుసుకున్నందుకు కట్టిన మూల్యం అది.

మెట్లు దిగడంలో భారం ఎక్కువన్న సంగతి మన రోడ్డు మీద పనికొచ్చేదే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వరకు 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, అన్నీ స్తంభాల మీద. ముసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎక్కడ ఎక్కాలన్నా రెండంతస్తులు పైకి పోవాలి, దిగాలంటే రెండంతస్తులు కిందికి రావాలి. లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి. అయితే తుంటి నొస్తున్నవాళ్లు ఎక్కేటప్పుడు లిఫ్టు కోసం ఆగి, వచ్చేటప్పుడు "దిగుడే కదా" అని మెట్ల మీద పడతారు. దిగేటప్పుడు ఆయాసం రాదు. కీలుకు మాత్రం పని తగ్గదు.

బలహీనమైన కండరం ఎలా కనిపిస్తుందో 1895లో ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బర్గ్ అనే సర్జన్ రాసిపెట్టాడు. పుట్టుకతో తుంటి జారిన వాళ్లను ఆయన చొక్కా విప్పించి వెనక నుంచి గమనించాడు. ఒంటికాలి మీద నిలబెడితే, లేచిన కాలి వైపు కటి పైకి ఉండాల్సింది పోయి కిందికి జారుతోంది. నిలబడిన వైపు కండరం పట్టలేకపోతోందని అర్థం. మీరూ అద్దం ముందు చూసుకోవచ్చు. పడిపోకుండా గోడకు దగ్గరగా ఉండి, ఒక కాలెత్తి 30 సెకన్లు నిలబడండి. బెల్టు గీత ఒక వైపుకు జారిందా? లేక ఒళ్లంతా నిలబడిన కాలి వైపు ఒరిగిందా? రెండోది మొదటిదానికి దొంగదారి.

దొంగదారే గానీ తెలివైన దారి. నొప్పి ఉన్న కాలి మీద అడుగు పడగానే మనిషి ఆ వైపుకే ఒరుగుతూ, పడవలా ఊగుతూ నడుస్తాడు. చూసేవాళ్లు "అటు వాలితే బరువు ఇంకా ఎక్కువ పడదూ" అంటారు. పడదు. ఒళ్లు అటు ఒరిగినప్పుడు ఆ 10 సెంటీమీటర్ల ఎడం ఆరుకో అయిదుకో తగ్గుతుంది, కండరం లాగాల్సింది సగమవుతుంది, కీలు ఊపిరి పీల్చుకుంటుంది. కుంటడం ఒంటికి ఎవరూ నేర్పని భౌతికశాస్త్రం. నొప్పి తగ్గాక కూడా ఆ నడక అలవాటై మిగిలిపోతేనే చిక్కు. నడుము దాని ఖరీదు కడుతుంది.

కర్ర సంగతీ ఇంతే. నొప్పి ఉన్న వైపు చేత్తోనే కర్ర పట్టుకునేవాళ్లు రోజూ కనిపిస్తారు. పట్టుకోవాల్సింది రెండో చేత్తో. రెండో చేతిలోని కర్ర నొస్తున్న తుంటికి అర మీటరు దూరాన నేలకు ఆనుతుంది. దాని మీద అయిదు కిలోల బలం మోపినా చాలు, ఇందాకటి లెక్కలో కండరం మీది వంద యాభైకి, కీలు మీది నూట యాభై తొంభై అయిదుకు దిగుతాయి. వాల్టర్ బ్లౌంట్ అనే అమెరికన్ వైద్యుడు 1956లో కర్రను పారేయొద్దని తోటి వైద్యులకు చెప్తూ ఒక వ్యాసమే రాశాడు. మన దగ్గర కర్ర అంటే ముసలితనం ఒప్పుకున్నట్టు లెక్క, నామోషీ. గొడుగు పట్టుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

సంచికి మాత్రం లెక్క తిరగబడుతుంది. సరూర్‌నగర్ రైతుబజారులో అయిదు కిలోల కూరగాయలు కొన్న మనిషికి కుడి తుంటి నొస్తుంటే, సంచి కుడి చేతిలోనే ఉండాలి. ఎడమ చేతిలో ఉంటే ఆ బరువు త్రాసు పొడుగు చేతి కొసన వేలాడుతుంది, కుడి పిరుదు కండరం దాన్ని కూడా గుంజాలి. కర్ర అటు, సంచి ఇటు. రెండు చేతుల్లో సమానంగా పంచుకుంటే ఇంకా మేలు.

ఇప్పుడు ప్యాంటు జేబు దగ్గర చెయ్యి పెట్టిన మనిషి దగ్గరికి వెళ్దాం. ఎక్కువగా నలభై దాటిన ఆడవాళ్లు. ఆ వైపు తిరిగి పడుకుంటే నిద్రపట్టదు, కూర్చుని లేచిన తొలి అడుగులు నరకం, మెట్ల దగ్గర గుంజుతుంది. చాలా కాలం దీన్ని అక్కడుండే నీటితిత్తి వాపు అనేవారు. స్కానింగులు వచ్చాక తేలింది, నొప్పికి మూలం ఎక్కువగా టెండన్‌లో ఉందని. పిరుదు కండరాన్ని పక్క ఎముకకు కట్టి ఉంచే నారపట్టీ అది. దాని మీదుగా తొడ పొడవునా ఇంకో గట్టి పట్టీ దిగుతుంది. కాలు శరీరం మధ్యగీత వైపుకు వచ్చినప్పుడల్లా పై పట్టీ బిగుసుకుని కింది టెండన్‌ను ఎముకకేసి అదుముతుంది. టెండన్ లాగుడు తట్టుకుంటుంది గానీ ఈ అదుముడు ఏళ్ల తరబడి సాగితే దెబ్బతింటుంది.

కాలు మధ్యగీత వైపుకు వచ్చే సందర్భాలు ఎన్నని. పిల్లను చంకనేసుకుని తుంటి పక్కకు తోసి నిలబడడం, మెట్రోలో కడ్డీకి ఆనుకుని ఒక కాలి మీదే బరువంతా వేలాడేయడం, కాలు మీద కాలు వేసుకోవడం, పక్కకు పడుకున్నప్పుడు పై కాలు ముందుకు జారిపోవడం. 1213 నాటి రామప్ప గుడిలో స్తంభాలకు ఆనిన మదనికలు మూడు వంపులతో, తుంటి పక్కకు తోసి నిలబడి ఉంటారు. రాయికి టెండన్ లేదు కాబట్టి ఎనిమిది వందల ఏళ్లుగా నిలబడ్డారు. దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపుల్లో పగలంతా నిలబడే అమ్మాయిలకు ఆ వీలు లేదు. ఒక కాలు అలిసిందని ఇంకో కాలి మీదికి, దాని మీంచి మళ్లీ దీని మీదికి మారుతూ గంటలు గడుపుతారు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించి, దుకాణాల్లో పనివాళ్లకు కూర్చునే వీలు ఉండాలన్నాయి. దాన్ని కార్మికుల హక్కుగానే చర్చించారు. తుంటి వైపు నుంచి చూసినా అది మంచి చట్టమే.

ఈ నొప్పికి సులువుగా దొరికే మందు స్టెరాయిడ్ ఇంజెక్షన్. త్వరగా పనిచేస్తుంది, అదే దాని ఆకర్షణ. ఆస్ట్రేలియాలో 204 మందిని మూడు గుంపులు చేసి పరీక్షించారు. ఫలితాలు 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఒక గుంపుకు వ్యాయామంతో పాటు ఎలా నిలబడాలి, ఎలా పడుకోవాలి అన్న సలహా. ఒకదానికి ఒక ఇంజెక్షన్. మూడోదానికి వేచి చూడడం. ఎనిమిది వారాలకు బాగుపడ్డామన్నవాళ్లు వరుసగా నూటికి 77, 58, 29. ఏడాది గడిచాక చూస్తే వేచి చూసిన గుంపులోనూ సగం మందికి పైగా తేరుకున్నారు, ఇంజెక్షన్ గుంపుకూ వాళ్లకూ పెద్ద తేడా మిగల్లేదు. వ్యాయామం గుంపే ముందుంది. ఆ సలహాలో ఖరీదైనదేమీ లేదు. పడుకున్నప్పుడు రెండు మోకాళ్ల మధ్య దిండు, నిలబడినప్పుడు రెండు కాళ్ల మీదా సమానంగా బరువు, కూర్చున్నప్పుడు కాలు మీద కాలు వద్దు.

గజ్జల్లో నొప్పి వేరే కథ, వేరే వయసు. ఈ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి స్టడీ హాల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీలో కూర్చునే కుర్రాళ్లు వేలమంది. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడగానే వాళ్లలో చాలామంది తెల్లవారుజామున గ్రౌండ్‌కు పరుగెడతారు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు, ఆడవాళ్లకు 800 మీటర్ల పరుగు ఉంది. ఏళ్ల తరబడి తొంభై డిగ్రీల్లో మడిచి ఉంచిన తుంటిని ఒక్క వారంలో పరుగుకు సాగదీస్తే అది ఊరుకోదు. కాలు వెనక్కి బాగా సాగినప్పుడు, పిరుదు కండరం తగినంత పట్టనప్పుడు, తొడ ఎముక తల గిన్నె ముందు అంచును ఎక్కువగా ఒత్తుతుందని 2007లో కారా లూయిస్, షర్లీ సార్‌మన్ బృందం కంప్యూటర్ నమూనాతో చూపించింది. కదలిక తీరుకూ నొప్పికీ మధ్య గొలుసులో ఒక లంకె దొరికినట్టయింది.

ఇక్కడే ఒక హెచ్చరిక. గజ్జల నొప్పి వారంవారం పెరుగుతూ, పరుగు ఆపినా కుంటిస్తుంటే, అది తొడ ఎముక మెడ దగ్గర పడ్డ సన్నటి చీలిక కావచ్చు. కొత్తగా సైన్యంలో, పోలీసు శిక్షణలో చేరేవాళ్లలో కనిపించేది ఇదే. సెలెక్షన్ పోతుందని పంటి బిగువున పరుగెడితే ఎముక పూర్తిగా విరుగుతుంది. తొలినాళ్లలో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎంఆర్‌ఐ చేయించాలి.

అయితే స్కానింగ్‌ను నమ్మడానికీ హద్దుంది. తొడ ఎముక తలకు పక్కన చిన్న ఉబ్బు ఉండి గిన్నె అంచుకు తగులుతుందని, నొప్పికి అదే మూలమని స్విట్జర్లాండ్ సర్జన్ రైన్‌హోల్డ్ గాంజ్ 2003లో వివరించాక, ఆ ఉబ్బును చెక్కే ఆపరేషన్లు ప్రపంచమంతా పెరిగాయి. తర్వాత ఏ నొప్పీ లేనివాళ్లను స్కాన్ చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, మూడింట ఒక వంతుకు పైగా జనంలో అదే ఉబ్బు కనిపించింది. బొమ్మలో ఉన్నదల్లా బాధకు కారణం కాదు.

"తప్పు కదలిక" అనే మాటనూ అంతే అనుమానంతో చూడాలి. అమెరికాలో మార్సీ హారిస్-హేస్ బృందం గజ్జల నొప్పి ఉన్న యువతను రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు రోజువారీ పనుల్లో తుంటిని ఎలా కదపాలో నేర్పారు. రెండో గుంపుకు మామూలు కండబలం, సాగదీత వ్యాయామాలు. రెండు గుంపుల్లోనూ నొప్పి తగ్గింది, దాదాపు సమానంగా తగ్గింది. సరైన నడక ఇదేనని వీడియోలు పెట్టేవాళ్లకు ఇది రుచించదు. నాకైతే ఊరటగానే ఉంది. తుంటి ఒకే ఒక్క పద్ధతిని డిమాండ్ చేయదు. మోయాల్సింది అలవాటుకు మించకుండా ఉంటే ఏ దారిలోనైనా సర్దుకుంటుంది.

మరి బలహీనత వల్ల నొప్పి వచ్చిందా, నొప్పి వల్ల బలహీనత వచ్చిందా? రెండూ నిజమే. 2013లో స్టువర్ట్ మెక్‌గిల్ అనే పరిశోధకుడి ప్రయోగశాలలో తుంటి కీలులోకి ద్రవం ఎక్కించి చూశారు. కీలు ఉబ్బగానే పిరుదు కండరం పనితనం మందగించింది. కండరం బాగానే ఉంది, నరాల వ్యవస్థే దాని గొంతు నొక్కింది. అందుకే నొప్పి తగ్గాక కూడా ఆ కండరాన్ని పనిగట్టుకుని లేపాలి. కీలు నిజంగా అరిగిన వాళ్లలో వ్యాయామం ఎంత పనిచేస్తుందో 2014 నాటి కాక్రేన్ సమీక్ష పది పరీక్షలు కలిపి చూసింది. వంద పాయింట్ల కొలతలో నొప్పి ఎనిమిది పాయింట్లు తగ్గింది. అద్భుతం కాదు. కానీ ఈ ఎనిమిదికి కడుపులో మంట లేదు, బిల్లు లేదు.

నేల మీద సక్లముక్లం వేసుకుని కూర్చోవడం మానాలా అని అడుగుతారు. కీలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మానక్కర్లేదు, మానకూడదు కూడా. బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం, నేల మీంచి చెయ్యి ఆనకుండా లేవడం తుంటిని దాని పూర్తి పరిధిలో తిప్పుతాయి. ఆ పరిధిని సోఫా, డైనింగ్ టేబుల్, వెస్టర్న్ కమోడ్ మన ఇళ్లలోంచి మెల్లగా తీసుకుపోయాయి. ముందుకూ వెనక్కూ తప్ప పక్కకు అడుగు వేసే అవసరమే లేకుండా పోయింది. ఏడాదిలో బతుకమ్మ రోజుల్లో తప్ప పక్క కండరాలకు పండుగ లేదు. గజ్జల్లో నొప్పి ఉన్నవాళ్లు మాత్రం అది తగ్గేదాకా లోతుగా మడిచే భంగిమల్ని పక్కన పెట్టడం మంచిది.

కండరాలతో, నడకతో తేలని తుంటి జబ్బులూ ఉన్నాయి. తొడ ఎముక తలకు రక్తం అందక ఎముక చచ్చిపోయే జబ్బు, ఎవీఎన్, ముప్పై నలభై ఏళ్ల మగవాళ్లలోనూ వస్తుంది. ఎక్కువ మోతాదులో వాడిన స్టెరాయిడ్లు, ఎక్కువగా తాగే మద్యం, సికిల్ సెల్ జబ్బు దీనికి దారితీస్తాయి. 2021లో కోవిడ్‌కు స్టెరాయిడ్లు వాడాక ఈ పేరు మన ఇళ్లలో వినబడింది. ఎల్బీనగర్‌లో దిగే నల్గొండ బస్సుల్లో ఇంకో చరిత్ర వస్తుంది: నీళ్లలోని ఫ్లోరైడ్. 1970లలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లలను నమోదు చేశారు. ముదిరిన ఫ్లోరోసిస్‌లో వెన్ను, తుంటి బిగుసుకుపోతాయి. అలాంటి మనిషికి కాలెత్తే వ్యాయామం రాసివ్వడం వైద్యం కాదు. రాత్రి నిద్రలేపే నొప్పి, జ్వరంతో వచ్చే నొప్పి, పడ్డాక పాదం మోపలేని పెద్దవాళ్లు, కుంటే పిల్లలు, వీళ్లెవరూ ముందు వెళ్లాల్సింది ఫిజియోథెరపీకి కాదు, ఎముకల డాక్టరు దగ్గరికి.

మిగతావాళ్లకు కావాల్సింది ఒక కుర్చీ, ఒక మెట్టు, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. మొదట వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము కింది భాగం పైకెత్తడం. తర్వాత చేతులు ఆనకుండా కుర్చీలోంచి లేచి, అంతే నెమ్మదిగా కూర్చోవడం. ఆ తర్వాత ఇంటి ముందు మెట్టు మీదికి ఒక్క కాలితో ఎక్కి, బెల్టు గీత జారకుండా దిగడం. ఎక్కినదానికన్నా దిగేటప్పుడు రెట్టింపు సమయం తీసుకోవాలి. చేస్తున్నప్పుడు పదికి మూడు నాలుగు పాళ్ల నొప్పి ఉన్నా భయపడక్కర్లేదు. చూడాల్సింది మర్నాటి పొద్దున. నిన్నటికన్నా ఎక్కువగా నొస్తుంటే ఈ రోజు సగమే చేయాలి. నొప్పి అంతే ఉంటే లేదా తగ్గితే, వారానికొకసారి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. కుర్చీలోంచి లేవడం మరీ తేలికైపోయినప్పుడు చేతిలో రెండు లీటర్ల నీళ్ల సీసా పట్టుకుని లేవండి.